యాడి మూటలోని రేగుపళ్లు

వార్డెన్ మైకు పట్టుకుంది, ఇక క్రమశిక్షణ పాఠమే అని భయపడకండి. ఇవాళ తిండి గురించే మాట్లాడతాను.

నేను హాస్టల్లో చదివేటప్పుడు సంక్రాంతి ముందు యాడి తాండా నుంచి రేగుపళ్లు మూటగట్టి తెచ్చేది. తోటి పిల్లలు నవ్వుతారని పెట్టెలో దాచేదాన్ని. ఒకసారి అన్నీ బూజు పట్టాయి. యాడికి మాత్రం తిన్నానని చెప్పాను.

ఇప్పుడు మీరు కోచింగులకనీ ఉద్యోగాలకనీ గవర్నర్‌పేట వచ్చి గదుల్లో ఉంటున్నారు. పొద్దున టీ, బిస్కెట్. రాత్రి బీసెంట్ రోడ్డులో నూడుల్స్. కూర ఊసే లేదు.

మా హాస్టల్లో ఒకమ్మాయి ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8. తోటకూర రోజూ పళ్లెం పక్కకు నెట్టేసేదట. ఆమె ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమంటోంది. 100 గ్రాములంటే ఓ మాదిరి జామకాయ. యాపిలే కొనక్కర్లేదు, విటమిన్ సి జామలోనే ఎక్కువ. రైస్ కుక్కర్లో పప్పు పెట్టేటప్పుడు రెండు గుప్పిళ్ల ఆకుకూర వేయండి, దించాక నిమ్మకాయ పిండండి. ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, ఇనుము ఒంటికి పట్టడాన్ని అది తగ్గిస్తుంది.

ఆ అమ్మాయి డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటోంది. తోటకూర కూడా తింటోంది, వేపుడు చేస్తేనే అనుకోండి.