గ్రాంటు వచ్చాక పని ఎవరిది?



ఇలాంటి స్నాతకోత్సవ సభల్లో శాస్త్రవేత్తల గురించి చెబుతారు. నేను వాళ్ల ఫైలు నడిపించే మనుషుల గురించి చెబుతాను. ఆ మనుషులు దొరక్క ఎన్ని ప్రాజెక్టులు నడుమ ఆగుతున్నాయో మీలో పీహెచ్‌డీ వాళ్లకు బాగా తెలుసు.

ఒక్కసారి ఊహించుకోండి. డిచ్‌పల్లి విశ్వవిద్యాలయం నుంచి ఒక మేడమ్, రుద్రూరు పరిశోధనా స్థానంతో కలిసి చెరుకు మీద ప్రాజెక్టు తెచ్చుకున్నారు. ఢిల్లీ నుంచి మంజూరు పత్రం రాగానే అందరూ మిఠాయిలు తిన్నారు. మర్నాటి నుంచి అసలు పని. యంత్రం నిబంధనల ప్రకారం కొనాలి. జూనియర్ రీసెర్చ్ ఫెలోను (జేఆర్ఎఫ్) తీసుకోవాలి, 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె. చేనులో కలుపు తీసిన అక్కలకు కూలి ఇవ్వాలి, వాళ్ల దగ్గర జీఎస్టీ బిల్లు ఎక్కడిది? ఆ ఖర్చును నిబంధన తప్పకుండా, కూలి ఆపకుండా రాయడం తెలిసినవాళ్లు కావాలి. మార్చి 31కి లెక్క మూసి వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపాలి. యూసీ పోకపోతే తర్వాతి విడత రాదు.

ఆలస్యంతో వచ్చే నష్టం బోధన్ రైతుకు కొత్త ముచ్చట కాదు. కొట్టిన చెరుకు కాంటా ముందు బండి మీదే ఎండితే బరువూ పోతుంది, చక్కెరా పోతుంది. ఆలస్యం ఎవరిదైనా నష్టం రైతుదే. ఇక్కడ విడత ఆగితే నష్టపోయేది ఆ జేఆర్ఎఫ్ పిల్ల.

మరి ఈ పనికి మనుషులను ఎట్లా తీసుకుంటున్నాం? యూజీసీ లెక్కలో అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కు మంచి విద్యా రికార్డు, 55 శాతం మార్కులతో పీజీ ఉండాలి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో పరిశోధన, అభివృద్ధి సెల్ పెట్టడానికి 2022లో యూజీసీ మార్గదర్శకాలూ ఇచ్చింది. బోర్డు రాయించడం సులువే. నేను చూసినంతలో ఆ కుర్చీ, పాఠాలు చెప్పే ఆచార్యుడికి అదనపు బాధ్యతగా అంటగడతారు. అమెరికాలో ఈ పనికి విడిగా ధ్రువీకరణ పరీక్షే ఉంది. పని అనుభవం చూపిస్తేనే రాయనిస్తారు. అంత దూరం ఎందుకు, పరిశోధనలకు నిధులిచ్చే హైదరాబాద్‌లోని ఇండియా అలయన్స్ 2018లోనే పరిశోధన నిర్వాహకుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది.

55 శాతం వద్దని నేను అనను. దాంతో గేటు దాటవచ్చు. లోపలికి వచ్చాక నేనైతే ఒక మంజూరు పత్రం, ఇరవై బిల్లులు చేతికిచ్చి, ఇందులో ఏవి చెల్లవో, ఎందుకు చెల్లవో ఆ బిల్లులు పెట్టిన ఆచార్యుడికి కోపం రాకుండా ఒక పేజీలో రాయమంటాను. కోపం రాకుండా రాయడమే అన్నిటికంటే కష్టం.

బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 1937 నాటిది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అందులో రసం పరీక్షించి రికవరీ శాతం రాసినవాళ్లు, కాంటా చీటీలు చూసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. ఒక ప్రాజెక్టు లెక్క వాళ్లలో చాలామంది కళ్లు మూసుకుని పట్టగలరు. పీజీ లేనివాళ్లను మాత్రం మన నోటిఫికేషన్ మొదటి గడిలోనే ఆపేస్తుంది. ఇది నాకు నచ్చదు. కిందిస్థాయి పోస్టులకైనా అనుభవాన్ని అర్హతగా లెక్కగట్టాలి.

మీకు ఆ అడ్డం లేదు. ఎంకామ్ వాళ్లకు లెక్క తెలుసు, సోషల్ వర్క్ వాళ్లకు ఊరు తెలుసు, తెలుగు ఎంఏ వాళ్లు ఉత్తరం సూటిగా రాయగలరు. ఎమ్మెస్సీ వాళ్లకే ఈ ఉద్యోగం అనుకోకండి. నోటిఫికేషన్ పడ్డప్పుడు ఆ సెల్‌లో పోస్టు రెగ్యులరా, ప్రాజెక్టు ముగిస్తే ముగిసేదా అని ముందు అడగండి. అడగాల్సిన రిజిస్ట్రార్ గారు ఇక్కడే, నా ఎడమ పక్కన కూర్చున్నారు. సభ అయ్యాక భోజనాల దగ్గర దొరుకుతారు.