చెయ్యి ఆనించకుండా లేవగలమా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, ఏ.ఎన్.ఎం.గా పనిచేసి రిటైరైన ఒక సంఘ సభ్యురాలి ప్రసంగం)



ఆదాయ వ్యయాలు చదివారు, రికవరీ చదివారు, చప్పట్లు కొట్టాం. భోజనాల వేళ దగ్గరపడింది కాబట్టి ఒక్క ప్రశ్న అడుగుతాను. మనలో ఎంతమంది చెయ్యి ఆనించకుండా నేల మీద నుంచి లేవగలరు?

నవ్వుతున్నారు. నేనూ నవ్వేదాన్నే. సంఘం పెట్టిన కొత్తలో జంపఖానా పరిచి గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మీటింగ్ అంటే ముందు ప్లాస్టిక్ కుర్చీలు లెక్కపెట్టుకోవాలి. రెండేళ్ళ కిందట ఒక పొద్దున డబ్బా ముందు కూర్చుని బియ్యం కొలిచాను. లేవబోతే లేవలేకపోయాను. నొప్పి లేదు, కళ్ళు తిరగలేదు. కాళ్ళు మాట వినలేదు, అంతే. ఇంట్లో ఎవరూ లేరు. మంచం దాకా పాక్కుంటూ వెళ్ళి, కోడు పట్టుకుని లేచాను. ఊరందరికీ ఆరోగ్యం చెప్పినదాన్ని, నాకే ఇలా అయిందేమిటని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇవాళే చెబుతున్నాను.

ముప్పై దాటాక ఒంట్లో కండ కొద్దికొద్దిగా తరుగుతుంది. అరవై దాటితే ఇంకా తొందరగా తరుగుతుంది. మన ఆడవాళ్ళకు ముట్లు ఆగాక ఎముక కూడా పలచబడుతుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉందీ సంగతి. దాంతోపాటు రెండు అండాశయాలు కూడా తీసేస్తే, ఆ రోజు నుంచే ముట్లుడిగిన లెక్క. ముప్పై అయిదేళ్ళకే ఆ ఆపరేషన్ అయినావిడకు ఎముక అరుగుదల చాలా ముందే మొదలవుతుంది. మీకు ఏమేం తీశారో ఆసుపత్రి కాగితాలు చూపించి తెలుసుకోండి. నేను అడిగిన చాలామందికి తెలియదు.

కాళ్ళలో బలం లేనివాళ్ళు తూలి పడతారు. పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషన్ కార్డు మీద అయిపోయిందనుకోండి, మంచం దగ్గర కనిపెట్టుకుని ఉండే కూతురి కూలి ఎవరిస్తారు? బాత్రూమ్‌కి వెళ్ళడానికి కూడా ఇంకొకరిని పిలవాల్సిన రోజు వస్తే, అది చూసేవాళ్ళకూ కష్టమే, మనకూ కష్టమే.

"అమ్మా, పొద్దస్తమానం పొలంలో చాకిరీ చేస్తున్నాం, మళ్ళీ ఈ వ్యాయామం ఏమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాట్లలో, కలుపులో గంటల తరబడి నడుం వంచుతాం. నడుం అరుగుతుంది గానీ తొడల కండ పెరగదు. కండ పెరగాలంటే దానికి కాస్త కష్టం అనిపించే బరువు ఇవ్వాలి, అలవాటయ్యాక ఇంకాస్త పెంచాలి. పైగా రోకలి పోయింది, తిరగలి పోయింది, చేద తోడే బావి పోయింది. పోయినందుకు నాకేమీ బాధ లేదు, ఆ చాకిరీ మళ్ళీ ఎవరికి కావాలి! కానీ వాటితో వచ్చే బలం ఇంకో దారిన తెచ్చుకోవాలి.

ఈ వయసులో వస్తుందా అంటే, వస్తుంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో ఉండే పదిమందితో బరువులు ఎత్తించారు. వాళ్ళ వయసు 86 నుంచి 96. తొమ్మిదిమంది ఎనిమిది వారాలూ పూర్తిచేశారు. తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. మానేశాక నాలుగు వారాల్లోనే వచ్చిన బలం తగ్గడం మొదలైంది. ఇదీ పొదుపు లాంటిదే. పొదుపుతో పోల్చకుండా ఈ వేదిక ఎవరు దిగారు గనక, నేను దిగడానికి!

నేను చేసేది చెబుతాను. కుర్చీని గోడకు ఆనించి పెడతాను. చేతులు గుండెల మీద కట్టుకుని లేస్తాను, నెమ్మదిగా కూర్చుంటాను. మొదట్లో అయిదుసార్లకే తొడలు వణికాయి. దిండు వేసి ఎత్తు పెంచుకున్నాను. నెలకు దిండు తీసేశాను. తర్వాత లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకుని లేవడం మొదలుపెట్టాను. పది సార్లు, కాస్త ఆగి ఇంకో పది. దానితోపాటు గోడకు చేతులు ఆనించి నెట్టడం, గుమ్మం పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. ఊపిరి బిగపట్టకూడదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఈ మధ్యే ఆపరేషన్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. కండ సలుపు కొద్ది రోజుల్లో పోతుంది. కీలు వాస్తే మాత్రం ఆపండి.

తిండి సంగతి కూడా. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 50 కిలోల మనిషికి రోజుకు 40 గ్రాముల పైనే మాంసకృత్తులు కావాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన చారుతో తింటే ఆ లెక్క ఎక్కడ తేలుతుంది? పప్పు గట్టిగా వేసుకోండి. గుడ్డు పిల్లలకే కాదు, మీకూ ఒకటి ఉడకేసుకోండి.

ఇక నా కోరిక. ప్రతి నెలా మీటింగ్‌లో మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టే ముందు, ప్రతి సభ్యురాలూ చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. ఒకరు ఫోన్‌లో టైం చూడాలి. పదిహేను సెకన్లు దాటితే బలం తగ్గినట్టు. పేరు పక్కన రాసుకోండి, మూడు నెలలకు మళ్ళీ చూడండి. వెనక వరసలో ఉన్న అక్కలూ, మీ కుర్చీలు గోడకు జరపండి. భోజనాలకు ఇంకా అయిదు నిమిషాలుంది.