తోటను మరల నాటుదాము

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన సహచరులపైనా శాంతి శుభాలు కలగాలని వేడుకొంటూ ప్రారంభిస్తున్నాము.



2018 అక్టోబరు 11, గురువారం. తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస సమీపంలో తీరం దాటింది. మరునాడు జుమా. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి దారుల్లో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పెకలి పడి ఉన్నాయి. జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. వరి పోతే మరుసటి ఏడు మరల నాటుకోవచ్చు. కొబ్బరి పోతే కాపు చూడడానికే ఐదారేళ్లు పడుతుంది. తండ్రి నాటగా కొడుకు అనుభవించే పంట అది. ఆ రాత్రి పోయింది ఒక ఏటి ఫలసాయం కాదు, రెండు తరాల జీవనాధారం.

ఇటువంటి విపత్తును దైవశిక్ష అని తేల్చివేసేవారు ఉంటారు. పేదలకు దక్కకుండా వేకువనే పంట కోసుకోవాలనుకొని, తోటనే పోగొట్టుకొన్నవారి వృత్తాంతం ఖలమ్ సూరాలో ఉంది. అది మనలను మనం పరీక్షించుకోవడానికే గాని, నష్టపోయిన పొరుగువానిపై విసరడానికి కాదు.

ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు. సముద్రపు ఇసుక నేలలో పైన కొబ్బరి, దాని నడుమ పనస, మామిడి, మునగ, ఆ నీడలో కంద, పసుపు. ఏటేటా దున్నవలసిన పని లేక, రాలిన ఆకే ఎరువై, వేరే మట్టిని పట్టి ఉంచే సేద్యమిది. జీడి మన నేలలో పుట్టిన చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి భారతదేశానికి తెచ్చారు. నేడు దాని పిక్క ఒలిచే పనిలో పలాసలో ఎందరో స్త్రీల బ్రతుకుతెరువు ఉంది. దూరదేశపు మొక్కను సైతం మన వాకిట అన్నదాతను చేసినవాడు అల్లాహ్.

విశ్వాసి నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖా అవుతుందని మహాప్రవక్త (స) బోధించారు. జీడిపండు తిని పిక్కను జారవిడిచే గబ్బిలం కూడా ఇందులో చేరుతుంది. దొంగిలించబడినదీ సదఖాయే అని సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనం. తోట కావలి కాసేవారికి ఇది కొంచెం కష్టమైన మాటే!

అయితే కూలిన తోటను ఒంటరిగా నిలబెట్టడం ఎవరి తరం? హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) దాస్య విముక్తికి యజమాని పెట్టిన షరతులలో 300 ఖర్జూరపు మొక్కలు నాటడం ఒకటి. సహచరులు ఒకరు ముప్పై, ఒకరు ఇరవై, ఒకరు పది చొప్పున మొక్కలు తెచ్చారు. గుంటలు తవ్వడంలో తోడ్పడ్డారు. ప్రవక్త (స) స్వహస్తాలతో నాటారు. ఒక మనిషి స్వేచ్ఛకై ఒక సమాజమంతా తోట వేసింది. మన జిల్లాలో మనం కొద్దిమందిమే. మదీనాలో ఆనాడు వారూ కొద్దిమందే.

కాపు నిలిచినవారికి మరొక మాట. వర్షాధారపు పంటలో పదవ వంతు, శ్రమించి నీరు పెట్టిన పంటలో ఇరవయ్యవ వంతు ఉష్ర్‌గా హదీసులు నిర్ణయించాయి. ఏ పంటలకు అది వర్తిస్తుందన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదముంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో పండ్ల తోటలకూ అది తప్పదు. 80 కిలోల బస్తాల లెక్కన పిక్కలు అమ్మేనాడు, వానతోనే పండిన పది బస్తాలలో ఒకటి మనది కాదు. ధర తగ్గిన ఏడు కూడా కాదు.

ఆ బస్తా వెలతోనే ఈ తొలకరికి జీడి అంట్లు, కొబ్బరి మొక్కలు కొనవచ్చు. తోట పోయి, మగదిక్కు లేక, భూమి బీడుగా ఉన్న ఇళ్లు ఏవో మనకు తెలుసు. గుంటలు వానలకు ముందే తవ్వాలి. మొదటి రెండు వేసవులు ఆ మొక్కలకు నీళ్లు ఎవరు మోస్తారో నమాజు ముగిశాక ఇక్కడే కూర్చుని నిర్ణయించుకొందాము.