పాయింట్ టూటూ రైఫిల్: ఏది కొనాలి?
(తార్నాకలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో మన మిత్రులొకరు లేచి, "మా మనవడు షూటింగ్ నేర్చుకుంటానంటున్నాడు, ఏ రైఫిల్ కొనిపెట్టాలి?" అని అడిగితే అందరూ నవ్వారు. సర్వీసులో కొంతకాలం ఆయుధ లైసెన్సుల సీటు చూసినవాణ్ణి కాబట్టి కార్యదర్శిగారు ఆ ప్రశ్నను నా నెత్తిన పెట్టారు. కాగితాలు చూసిన అనుభవమే ఎక్కువ. పేల్చిన అనుభవం స్వల్పం, అదీ ఈ యూనివర్సిటీ చలవే.

చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్లకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో ఆ నిబంధన పోయింది. 1967లో చేరిన నేను ఆ చివరి వాళ్లలో ఒకణ్ణి. ఇప్పుడు మనం ఎన్.సి.సి. గేటు అని ఆటోవాడికి చెబుతామే, ఆ పేరు వింటే నాకు గంజి పెట్టిన ఖాకీ నిక్కరే గుర్తొస్తుంది. ఒకరోజు ఫైరింగ్‌కు తీసుకుపోయి లీ-ఎన్‌ఫీల్డ్ పాయింట్ టూటూ చేతికిచ్చారు. బరువు నాలుగు కిలోల దగ్గర. బోర్లా పడుకుని, 25 గజాల దూరంలోని టార్గెట్ మీద ఐదు రౌండ్లు కాల్చాలి. నాలుగోది పేలలేదు. ఏమైందోనని తుపాకీతో సహా వెనక్కి తిరిగాను. ఉస్తాద్ నా మీద పడి గొట్టాన్ని నేలకు అదిమిపట్టి, తనకొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. అవమానంతో ఆ పూట అన్నం తినలేదు.

ఆ తిట్లలో న్యాయముంది. మామూలు పెద్ద తూటాలో నిప్పు పుట్టించే మందు అడుగు మధ్యలో ఉంటుంది. పాయింట్ టూటూలో అంచు చుట్టూ పూసి ఉంటుంది, స్ట్రైకర్ ఆ అంచును కొడుతుంది. అందుకే దాన్ని రిమ్‌ఫైర్ అన్నారు. కొట్టినచోట మందు సరిగా లేకపోతే పేలదు, ఒక్కోసారి క్షణం ఆలస్యంగా పేలుతుంది. పేలలేదని తిప్పకూడదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి ఆగాలి. భుజానికి తన్నదు, చప్పుడు తక్కువ, తూటా చవక. దాంతో జనం దీన్ని పిల్లల తుపాకీ అనుకుంటారు. ఆ గుండు బరువు రెండున్నర గ్రాములు దాటి కొంచెం, కానీ అడ్డు లేకపోతే కిలోమీటరున్నర దాకా పోగలదు. తార్నాకలో డాబా మీద సరదాకు పేల్చింది క్యాంపస్‌లో ఎవరికి తగులుతుందో చెప్పలేం.

ఇక ఎంపిక. అమెరికాలో 1964 నుంచి రూగర్ టెన్-ట్వంటీటూ అనేది విపరీతంగా అమ్ముడుపోయింది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా దానంతటదే తర్వాతి తూటా ఎక్కించుకుంటుంది. నేర్చుకునేవాడికి అది వద్దంటాను. బోల్ట్ రైఫిల్ అయితే ప్రతి తూటాకూ చెయ్యి పెట్టాలి, ఆ కాస్త ఆలస్యమే బుద్ధి నేర్పుతుంది. మన దేశంలో ఇషాపూర్ ఫ్యాక్టరీ స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. మొరటుదే అయినా పని నేర్పుతుంది. పాత చెక్ తయారీ బ్రనో దొరికితే, నా ఓటు దానికే. కాకపోతే గొట్టంలో తుప్పు, మూతి దగ్గర నొక్కులు చూసుకోవాలి. జర్మనీ ఆన్షుట్జ్ పోటీల రైఫిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచింది ఈ పాయింట్ టూటూ తూటాతోనే. అప్పటికి ఆయన రైల్వేలో టికెట్ కలెక్టర్, మన జాతివాడే! ఆ పోటీలో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. మొదటిరోజే అంత ఖరీదైనది కొనివ్వడం నాకు ఇష్టం లేదు. ఏది కొన్నా మడమకట్టె కుర్రాడి చేతి పొడవుకు సరిపోవాలి, తాత జేబుకు కాదు.

అయితే మిత్రుడి మనవడికి 19 ఏళ్లట. లైసెన్సుకు 21 నిండాలి. ఈ రెండేళ్లూ రైఫిల్ క్లబ్బులో చేర్చి, శిక్షకుడి కళ్లముందు క్లబ్బు తుపాకీ పేల్చనివ్వండి. సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి రేంజ్‌లో 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల షూటింగ్ జరిగింది. తార్నాక నుంచి దూరమే, పోయి చూసిరండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది దానితోనే. గుర్తింపు పొందిన క్లబ్బు సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసు కోసం పాయింట్ టూటూ అడిగితే, 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ఆ బోరును పేరుపెట్టి ప్రస్తావించింది. అర్జీలో ఆ సెక్షన్ రాయడం మరవొద్దు. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు, ఒక మనిషికి రెండు ఆయుధాలే.

ఇంకొక మాట, కొనేవాళ్లకు కాదు, ఇంట్లో ఉన్నవాళ్లకు. నేను సీటులో ఉండగా ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయి రెండేళ్లు, ఆయన బ్రనో రైఫిల్ పాత ధోవతిలో చుట్టి బీరువా మీద ఉంది, ఏం చేయమంటారని. మనిషి పోతే లైసెన్సు వారసులకు దానంతటదే రాదు. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసుస్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. నాకు తెలుసు. కానీ ఆవేళ బల్ల మీద ఫైళ్లు గుట్టగా ఉన్నాయి. "వచ్చే వారం అర్జీ రాసుకు రండమ్మా" అన్నాను. ఆ వారంలో ఆమె మనవడు దాన్ని దించి ట్రిగ్గర్ నొక్కాడు. పాత తూటా ఒకటి చాంబర్‌లోనే ఉండిపోయింది. వంటింటి తలుపును చీల్చుకుని పోయి రాగి గంగాళానికి తగిలింది. తలుపు వెనక ఎవరూ లేరు.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు నన్నేమీ అనలేదు. "గంగాళం మాటు వేయించుకున్నాం బాబూ, అర్జీలో అదీ రాయాలా?" అని అడిగింది. ఆ రోజే దగ్గరుండి స్టేషన్‌లో జమ చేయించి రశీదు ఆమె చేతికిచ్చాను.

మన సభ్యుల్లో ఎవరింట్లోనైనా పెద్దలు వదిలిన తుపాకీ ఉంటే, సమావేశం అయ్యాక నన్ను కలవండి. అర్జీ నేనే రాసిపెడతాను.