మగశిశువుల జన్మలోపములు – హార్మోనుల పని



గ్రంథాలయపు పండుగనాడు పురాణమునో ప్రబంధమునో గైకొనక ఈ విషయమును గైకొంటినేమని కొందరికి తోపవచ్చును. తల్లి నోట పలుకలేనిది, తండ్రి నలుగురిలో అడుగలేనిది తెలియజేయుటయు గ్రంథాలయధర్మమే కదా!

గర్భమున ఆరేడు వారములవరకు ఆడ మగ భేదము కానరాదు. పిమ్మట వై క్రోమోజోమునందలి యొక జన్యువు ప్రేరణచే మగపిండమున వృషణములేర్పడును. అవి స్రవించు టెస్టోస్టిరోను అను హార్మోనును, దానినుండి పుట్టు మరియొకటియు శిశ్నమును, మూత్రమార్గమును తీర్చును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ 1947లో ప్రకటించిన ప్రయోగములలో, గర్భస్థములగు మగ కుందేటిపిల్లల వృషణములను తొలగింపగా అవి ఆడురూపముననే పెరిగినవి.

ఈ స్రావము చాలకున్నను, అవయవములు దానిని గ్రహింపకున్నను, మూత్రద్వారము కొనను గాక అడుగున నేర్పడుట, వృషణములు సంచిలోనికి దిగకుండుట సంభవింపవచ్చును. అయినను పెక్కుమంది బాలురకు హార్మోనులు సరిగనే యుండును, కారణము తెలియరాదు.

నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి 2 నుండి 4 గురికి వృషణము దిగియుండదు. పుట్టిన తొలి 3 నెలలలో పీయూషగ్రంథి ప్రేరణచే టెస్టోస్టిరోను మరల పొంగును. అప్పుడు పెక్కుమందికి వృషణము తనంత దిగును. 6 నెలలు దాటిన పిదప దిగుట అరుదు. వృషణపు సంచి దేహముకంటె చల్లగ నుండును. లోపలి వేడిమికి బీజకణములు చెడును. కావున 6 మొదలు 18 నెలలలోపల శస్త్రచికిత్స చేయింపవలెను. ఆలసించినచో సంతానశక్తి తగ్గవచ్చును. పెద్దయిన పిమ్మట ఆ వృషణమున క్యాన్సరు పుట్టు భయము హెచ్చును. ఒక వృషణము సరిగనున్న బాలునికి గొంతు మారుట, మీసము వచ్చుట సాధారణముగ యథావిధిగనే జరుగును.

రెండును చేతికి తగులనిచో దినమైనను జాగు కూడదు. ఆ శిశువు ఆడుబిడ్డయై, అడ్రినల్ గ్రంథి లోపమువలన మగరూపు తాల్చి యుండవచ్చును. ఆ లోపమున ఒంటిలోని ఉప్పు నష్టమై కొలది వారములలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. వెంటనే రక్తపరీక్షలు చేయింపవలెను.

దీనికి గ్రహణము కారణము కాదు. తల్లి దోషము కాదు. శిఖండి కథను, బృహన్నల కథను రసముకొరకు చదువుకొన్న మనము ఆ పేరులను పసివానికి తగిలించుట పాపము. బిడ్డకు నీళ్లు పోయు పెద్దమ్మలారా! గోరువెచ్చని నీటిలో ఒకమారు తడిమి చూడుడు. సందేహము కలిగిననాడే దాచక వైద్యునికి చూపింపుడు.

స్వస్తి.