మత్తుమందు – మన ఊపిరితిత్తులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైనవాడిని కనుక, మన తిరుపతి, చిత్తూరు సభ్యులు తరచుగా నన్నొక మాట అడుగుతున్నారు. "సార్, ప్రోస్టేటు క్యాన్సరుకు రోబో ఆపరేషను చేయించుకోమన్నారు. వెల్లూరా, చెన్నైయా అన్నది పిల్లలు చూసుకుంటారు. ఈ వయసులో మత్తుకు తట్టుకుంటానా? ఊపిరితిత్తులకు ఏ మత్తుమందు మంచిది?" ఈ భయంతోనే ఆపరేషను వాయిదా వేస్తున్నవారూ మనలో ఉన్నారు. మన భయం తీరేదాకా జబ్బు ఆగదు గదా! అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

పీల్చే మత్తుమందుల్లో ఏది మేలన్న తగవు తెలుగునేలకు కొత్త కాదు. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చాయి. క్లోరోఫారంతో కొందరు బల్లమీదే చనిపోయేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండా? ఇది తేల్చడానికి హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహంతో 1888లోనూ, 1889లోనూ రెండు కమిషన్లు పనిచేశాయి. నడిపినవారు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. శ్వాసే ముందు ఆగుతుంది, దాన్ని కనిపెట్టుకుని ఉంటే చాలునని తీర్పు చెప్పారు. క్లోరోఫారం గుండెను కూడా హఠాత్తుగా ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించారు. తీర్పు పూర్తిగా నిలవకపోయినా, శ్వాసను రెప్పవాల్చక చూడాలన్న మాట మాత్రం మా వృత్తిలో నేటికీ చెల్లుతుంది.

ఇక రోబో సంగతి. యంత్రం తనంతట తాను కోయదు. సర్జను కూర్చుని దాని చేతులను నడుపుతారు. ప్రోస్టేటు ఆపరేషనుకు పొట్టలోకి కార్బన్ డయాక్సైడు నింపి, తలవైపు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు కిందికి వాలుస్తారు. పేగులు పైకి జరిగి ఊపిరితిత్తులను నొక్కుతాయి. అడుగునున్న గాలిగదులు ముడుచుకుపోతాయి. తరువాత కఫం, న్యుమోనియా రావడానికి ఇదొక దారి.

మందుల్లో సీవోఫ్లూరేను ఘాటు తక్కువ, శ్వాసనాళాలను సడలిస్తుంది. డెస్‌ఫ్లూరేనుతో తెలివి త్వరగా వస్తుంది గానీ, ఘాటెక్కువ; ఆస్త్మా వారికి, పొగతాగేవారికి దగ్గు తెప్పించవచ్చు. పైగా అది భూమిని వేడెక్కించే వాయువు. తప్పనిసరైతే తప్ప వాడరాదని ఐరోపా సమాఖ్య 2026 జనవరి 1 నుంచి కట్టడి చేసింది. ప్రయోగశాలల్లో ఈ మందులు ఊపిరితిత్తుల వాపును తగ్గించినట్టు కనిపించింది. కానీ ఊపిరితిత్తుల ఆపరేషన్లలో డెస్‌ఫ్లూరేనును, నరానికిచ్చే ప్రొపోఫాలును పోల్చి స్విట్జర్లాండు వైద్యులు 2016లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద చిక్కుల విషయంలో తేడా తేలలేదు.

తేడా తెచ్చింది గాలి కొట్టే పద్ధతి. పొట్ట ఆపరేషన్లయిన 400 మందిపై ఫ్రాన్సులో జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. పాత పద్ధతిలో పెద్ద గాలి ఇచ్చినవారిలో 27.5 శాతం మందికి తీవ్రమైన చిక్కులు వస్తే, చిన్న గాలి ఇచ్చి, గాలిగదులు మూసుకోకుండా కొంత ఒత్తిడి నిలిపినవారిలో 10.5 శాతం మందికే వచ్చాయి. ఆ గాలి కొలతను మనిషి బరువునుబట్టి కాదు, ఎత్తునుబట్టి కడతారు. లావుగా ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు గదా!

కనుక మందు పేరు మత్తు డాక్టరుకు వదలండి. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. బీడీ, సిగరెట్టు కనీసం నాలుగు వారాల ముందే మానండి. ఆస్త్మా, నిద్రలో గురక, ఊపిరాగడం దాచకండి. చిన్నతనంలో క్షయ వచ్చి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ఉన్నవారు, అది పాత సంగతని ఊరుకోక చెప్పండి. కట్టుడు పళ్ల సంగతి కూడా చెప్పాలి. మూడు బంతుల ఊపిరి పరికరంతో ముందునుంచే సాధన చేయండి. ఆపరేషనయ్యాక డాక్టరు చెప్పగానే లేచి కూర్చోండి, నడవండి. నొప్పని దగ్గు ఆపుకోకండి. పొట్టకు దిండు అదిమిపెట్టుకుని దగ్గండి.

కుటుంబసభ్యులకొక మనవి. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరును కలిసేటప్పుడు నాన్నగారి పక్కన మీరూ కూర్చోండి. ఆయన మరిచినవి, మొహమాటపడినవి మీరు చెప్పండి.