వేంగి రాజుల మేనరికము

ఏలూరునకు ఉత్తరముగా కొలది మైళ్ల దూరమున పెదవేగి యను గ్రామము కలదు. కొల్లేటి సీమనుండియు, తాడేపల్లిగూడెము నుండియు పనులమీద ఏలూరు వచ్చిపోవువారిలో ఆ దారి పట్టువారు అరుదు. కోట చూతమని పోయినవారికి దిబ్బలును, పాత ఇటుకలును మాత్రమే కనబడును. క్రీ. శ. 624 ప్రాంతమున కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన తూర్పు చాళుక్య రాజ్యమునకు పేరిచ్చిన వేంగి ఇదియే.

ఈ వంశమువారి యుద్ధములను మనము బడిలోనే చదివితిమి. ఇప్పుడు వారి ఇంటి పెండ్లిండ్లను గూర్చి ముచ్చటింతము.

విమలాదిత్యుడు తంజావూరి రాజరాజచోళుని కుమార్తె కుందవను వివాహమాడెను. వారి కుమారుడే నన్నయభట్టును ఆదరించిన రాజరాజనరేంద్రుడు. అతనికి మేనమామ రాజేంద్రచోళుడు తన కూతురు అమ్మంగదేవినిచ్చెను. ఆ దంపతుల కొడుకు రాజేంద్రుడు సైతము మేనమామ కూతురు మధురాంతకినే చేపట్టెను. మూడు తరములు వరుసగా చోళుల ఆడపడుచులే వేంగికి కోడండ్రైరి. పొలము బయటికి పోకుండ మన పల్లెలలో చేయు మేనరికము వంటిదే ఇదియు. ఇచ్చట పొలము కావేరినుండి గోదావరి దాక ఉన్నది, అంతే భేదము.

ఈ చుట్టరికమునకు వెలుపల నిలిచినవాడొకడు కలడు. అతడు విమలాదిత్యునకు వేరొక రాణియందు జన్మించిన విజయాదిత్యుడు. చోళులు తనవారు కారు గనుక అతడు పశ్చిమ చాళుక్యుల నాశ్రయించెను. 1022లో పట్టాభిషిక్తుడైన అన్నను స్థిమితముగా ఏలనీయలేదు. 1061లో నరేంద్రుడు గతింపగా వేంగి విజయాదిత్యుని పాలైనది; రాజేంద్రునకు తండ్రి గద్దె దక్కలేదు. 1070లో చోళ సింహాసనమునకు వారసుడు లేకపోగా దౌహిత్రుడైన ఇతడే దాని నధిష్ఠించి కులోత్తుంగుడైనాడు. తాను దిగ్విజయము కోరి వేంగిని పినతండ్రి కిచ్చివేసినట్లు ఆ ఇంటి శాసనము చెప్పుచున్నది. దాయాదుల తగవును ఇంత మర్యాదగా కప్పిపుచ్చుట శాసనకవులకే చెల్లును!

కొరియా దేశమున సురో యను రాజునకు పదుగురు కొడుకులనియు, వారిలో ఇద్దరు తల్లి ఇంటిపేరైన హో యనుదానిని వహించిరనియు నొక గాథ కలదు. ఆ రాణి భారతదేశమునుండి ఓడలో వచ్చినదని ఆ పేరుగలవారు నేటికిని చెప్పుకొందురు. అది గాథ. కులోత్తుంగుడు తల్లివంశమున కెక్కుట రాగిరేకులమీద నున్నది. ఇతని సంతతివారు చోళులనిపించుకొనియే 1279 దాక ఏలిరి.

విజయాదిత్యుని అనంతరము కులోత్తుంగుడు తన కొడుకు రాజరాజ ముమ్మడిచోడుని వేంగికి పంపెను. ఆ చిన్నవాడు ఒక యేడాది ఏలి, తలిదండ్రుల పాదసేవయందలి సుఖము రాజ్యమున లేదని మరలిపోయినట్లు చెల్లూరు శాసనము వ్రాసినది. తాత ఏలిన నేల మనుమనికి పరాయిదైనది. 1078లో తమ్ముడు వీరచోడుని పంపవలసివచ్చినది.